షిఫ్టుకు ముందు పది నిమిషాలు: ప్రమాదం గురించి కార్మికులకు ఎలా చెప్పాలి?

పాశమైలారం, జీడిమెట్ల నుంచి అయినా, పరవాడ, అచ్యుతాపురం నుంచి అయినా షిఫ్ట్ ఇన్‌చార్జులు అడిగేది ఒక్కటే. "రోజూ చెబుతూనే ఉన్నాం సార్. అందరూ గంగిరెద్దులా తలూపుతారు. అరగంట తర్వాత వెళ్ళి చూస్తే మళ్ళీ పాత పద్ధతే. ఇంకెలా చెప్పాలి?"

చాలా యూనిట్లలో టూల్‌బాక్స్ టాక్ (షిఫ్టుకు ముందు ఆ రోజు పనిలోని ప్రమాదాల గురించి పది నిమిషాలు చెప్పడం) రిజిస్టర్ కోసమే జరుగుతోంది. ఎవరో ఒకరు కాగితం చూసి చదువుతారు, అందరూ సంతకం పెడతారు, ఆడిట్‌కు ఫోటో తీస్తారు. అలా చెప్పినది ఎవరి చేతిలోకీ దిగదు. మీరు చెప్పింది అందిందో లేదో తెలియాలంటే ఎదుటి మనిషి దాన్ని తిరిగి చెప్పాలి, చేసి చూపించాలి. కింద ఉన్న పద్ధతంతా దానికోసమే.

ఇది బల్క్ డ్రగ్, కెమికల్ యూనిట్లలో పనిచేసే షిఫ్ట్ ఇన్‌చార్జులకు, సూపర్‌వైజర్లకు, కాంట్రాక్టర్ల దగ్గరి మేస్త్రీలకు. మీది స్పిన్నింగ్ మిల్లో బిల్డింగ్ సైటో అయితే ఉదాహరణలు మార్చుకుంటే సరిపోతుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇందులో ఉన్నది చెప్పే పద్ధతి మాత్రమే. మీ ప్లాంటు పర్మిట్ విధానానికి (ప్రమాదకరమైన పనికి ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడానికి) ఇది బదులు కాదు.

ఏమేం కావాలి

- రేపటి పనుల జాబితా, వాటికి తీసుకోబోయే పర్మిట్లు.
- ఆ పనిలో వాడే కెమికల్ సేఫ్టీ డేటా షీటు. చాలామంది ఇప్పటికీ ఎంఎస్‌డీఎస్ అనే అంటారు. అందులో 16 సెక్షన్లు ఉంటాయి. టాక్‌కు మీకు కావలసినవి నాలుగు: 2 (ప్రమాదాలు), 4 (ప్రథమ చికిత్స), 5 (మంటలు ఆర్పడం), 8 (ఏ గ్లవ్స్, ఏ మాస్క్).
- అసలు సామాను. బొమ్మలు సరిపోవు. ఎర్తింగ్ క్లాంప్ (నిప్పురవ్వ పుట్టకుండా స్టాటిక్ కరెంటును భూమిలోకి పంపే క్లిప్పు), తాళం, ట్యాగ్, గ్యాస్ మీటర్, హార్నెస్ (ఒంటికి కట్టుకునే బెల్టు)... ఆ రోజు ఏది వాడతారో అదే చేతిలో ఉండాలి.
- చప్పుడు తక్కువగా, పని జరిగే చోటికి దగ్గరగా ఉండే స్థలం. క్యాంటీన్ వద్దు.
- తెలుగు రానివాళ్ళుంటే వాళ్ళ భాష తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒక్కరు ఎందుకు చాలరో 4వ మెట్టులో చెబుతాను.
- పది నిమిషాలు. అవి డ్యూటీ టైములోవే అయి ఉండాలి. పంచ్ కొట్టకముందో, డ్యూటీ దిగాకో నిలబెడితే ఎవరి చెవీ మీ దగ్గర ఉండదు.

ఒక గుంపులో పది, పదిహేను మందికి మించకుండా చూసుకోండి. మైకు అవసరమైందంటే గుంపు పెద్దదైందని అర్థం.

1. ముందు రోజే ఒక పని ఎంచుకోండి

"పీపీఈ (గ్లవ్స్, మాస్క్ లాంటి రక్షణ సామాను) వాడకం", "అగ్నిమాపక జాగ్రత్తలు" అని టాపిక్ పెట్టుకోకండి. అవి ఎప్పుడైనా, ఎవరికైనా చెప్పొచ్చు, అందుకే ఎవరికీ పట్టవు. "రేపు ఉదయం 10 గంటలకు ఇద్దరు రియాక్టర్‌లోకి దిగి గోడలకు పట్టిన మెటీరియల్ గీకాలి" అనేది టాక్‌కు పనికొచ్చే విషయం. (రియాక్టర్ అంటే కెమికల్స్ కలిపి బ్యాచ్ తయారుచేసే పెద్ద పాత్ర.) వినేవాళ్ళలో ఇద్దరు తమ గురించే అనుకుంటారు, మిగతావాళ్ళు పైన నిలబడబోయేది తామే అనుకుంటారు.

ఒక టాక్‌కు ఒకే పని. రెండోది కూడా ప్రమాదకరమైనదైతే ఆ పని మొదలయ్యే ముందు దాని దగ్గరే ఇంకో టాక్ పెట్టండి.

2. చోటు చూసి రండి, చేసే మనిషిని అడగండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. సాయంత్రం పదిహేను నిమిషాలు ఆ పని చోటికి వెళ్ళండి. అక్కడ ఏళ్ళుగా చేస్తున్న ఆపరేటర్ని, "అన్నా, ఇది మీరు ఎలా చేస్తారో ఒకసారి చూపించండి" అని అడగండి. ఎస్‌ఓపీలో (పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతిలో) ఉన్నదీ, జరుగుతున్నదీ ఎక్కడ వేరవుతున్నాయో అప్పుడు కనిపిస్తుంది.

డ్రమ్ములోంచి టోలుయిన్ అనే మండే సాల్వెంట్‌ను ఛార్జింగ్ చేసే (రియాక్టర్‌లోకి ఎక్కించే) సంగతే తీసుకోండి. పంపు పెట్టే ముందు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లాంప్ పెట్టాలని ఎస్‌ఓపీలో ఉంటుంది. పెట్టడం లేదు. మీరేమో ఆరు నెలలుగా చెబుతున్నారు. వెళ్ళి చూస్తే ఎర్తింగ్ వైరు పొట్టి. డ్రమ్ము నిలబెట్టే చోటికి అందదు. ఆ మనిషికి ఇంకో వంద టాకులు ఇచ్చినా వైరు పొడుగవదు.

*హెచ్చరిక:* మార్చి తీసేయగలిగిన ప్రమాదాన్ని మాటతో సరిపెట్టకండి. వైరు మార్పించండి, గార్డు బిగించండి, లీకవుతున్న గ్యాస్కెట్ మార్చండి. "జాగ్రత్తగా ఉండండి" అనే మాట అవన్నీ చేసిన తర్వాత మిగిలే ప్రమాదం కోసం. కార్మికులకు ఇది మనకంటే బాగా తెలుసు. విరిగిన మెట్టు పక్కన నిలబడి మెట్ల మీద జాగ్రత్త అని చెప్పేవాడి మాట వాళ్ళు మళ్ళీ వినరు.

3. మూడు ముక్కల్లో రాసుకోండి

కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏం జరగొచ్చు? అది వస్తోందని ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి?

మామూలుగా చదివేది ఇలా ఉంటుంది: "పరిమిత ప్రదేశాల్లో ప్రవేశించునపుడు ప్రాణవాయువు కొరత వలన ప్రాణాపాయము సంభవించు అవకాశము కలదు. కావున తగిన జాగ్రత్తలు తీసుకొనవలెను." ఇందులో తప్పేమీ లేదు. పనికొచ్చేదీ లేదు.

దీన్నే ఇలా చెప్పొచ్చు:

"రాత్రి ఈ రియాక్టర్‌కు నైట్రోజన్ ఇచ్చారు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. లోపల అదే నిండి ఉంటే ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు. కేక వేసే టైము కూడా ఉండదు. కాబట్టి మన ముక్కును నమ్మొద్దు, మీటర్ని నమ్ముదాం. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 ఉంటుంది. మీటర్ 19.5 కంటే తక్కువ చూపినా, 23.5 దాటినా ఎవరూ దిగరు. లోపలి మనిషి పడిపోతే పైన ఉన్నవాడు దిగకూడదు. అలారం కొట్టాలి, తాడుతో పైకి లాగాలి."

ఇది చదవడానికి నిమిషం కూడా పట్టదు. వాసన రాదన్న సంగతిని మాత్రం వదలకండి. కెమికల్ ప్లాంటులో పనిచేసేవాళ్ళు ముక్కు మీద బాగా ఆధారపడతారు. "ఏ వాసనా లేదు, దిగొచ్చు" అనేది వాళ్ళ అనుభవం నేర్పిన తీర్పు. ఆ తీర్పు ఎక్కడ మోసం చేస్తుందో పేరు పెట్టి చెప్పాలి. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) సంపుల్లో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ దీనికి ఇంకో రకం ఉదాహరణ. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి వాసన ఆగిపోతుంది. వాసన పోయింది కదా అని దిగితే అంతే సంగతులు.

సంఖ్యలు ఒకటి రెండు చాలు. పనిలో దేన్ని చూసి ఆగాలో ఆ సంఖ్య చెప్పండి. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత) 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుందని మీకు తెలియాలి. వాళ్ళకు మాత్రం "చలికాలంలో కూడా దీని ఆవిరికి నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది" అంటే సరిపోతుంది.

4. భాష చూసుకోండి

మన యూనిట్లలో శ్రీకాకుళం, విజయనగరం మనుషుల పక్కనే ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు పనిచేస్తుంటారు. తెలుగులో చెప్పి, చివర "సమఝ్ గయా?" అంటే ఒడియా మనిషి కూడా "హా సార్" అంటాడు. పనిలోంచి తీసేస్తారేమోనన్న భయం అతనిది.

అందుకే ఇద్దరు కావాలి. ఒకరు వాళ్ళ భాషలో చెబుతారు. రెండోవాళ్ళు విని, మొదటివాళ్ళు ఏం చెప్పారో మీకు తెలుగులో చెబుతారు. మీరు "మీటర్ చూడకుండా దిగొద్దు" అంటే అక్కడికి "జాగ్రత్తగా దిగండి" అని చేరుతోందేమో ఇలాగే బయటపడుతుంది. కాంట్రాక్టర్ ఒక్కడి చేత చెప్పించకండి. అతను కావాలని మార్చకపోయినా, పని త్వరగా మొదలవ్వాలన్న తొందరలో సగానికి కుదించేస్తాడు.

మాటల విషయంలో పట్టుదల వద్దు. ప్లాంటులో అందరూ వెసల్ ఎంట్రీ, బ్లైండ్, వెంట్, స్టాటిక్ అంటుంటే మీరూ అవే అనండి.

బోర్డుల మీది గుర్తులు అందరికీ తెలుసనుకోకండి. మంట గుర్తు, పుర్రె గుర్తు ఎవరికైనా అర్థమవుతాయి. ఛాతీ మీద నక్షత్రంలా పగిలినట్టుండే మనిషి బొమ్మను అడిగి చూడండి, "గుండె నొప్పి" అంటారు. అది క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు లాంటి దీర్ఘకాలపు హానికి గుర్తు. మీ గోదాములో ఉన్న డ్రమ్ముల మీద నిజంగా ఏ గుర్తులు ఉన్నాయో అవే నేర్పండి.

*ఇంకో దారి:* రోజూ ఇద్దరు దొరక్కపోతే, పదే పదే వచ్చే పనులకు ఒడియా, హిందీ భాషల్లో నిమిషం నిడివి వాయిస్ రికార్డు చేయించి పెట్టుకోండి. టాక్‌లో అందరి ముందూ వినిపించండి. వాట్సాప్ గ్రూపులో పడేసి ఊరుకుంటే లెక్క కాదు. ఫోన్లు గేటు దగ్గరే ఉంటాయి కదా.

5. చెప్పేటప్పుడు చేతిలో వస్తువు ఉండాలి

గుండ్రంగా నిలబెట్టండి. వరుసల్లో నిలబెడితే వెనక వరుస మీది కాదు. మొదటి మాట ప్రశ్నగా వేయండి: "నిన్న రాత్రి ఈ రియాక్టర్‌లో ఏం నడిచింది, ఎవరికి తెలుసు?" ఒకరు చెబుతారు. అక్కడినుంచి అందుకోండి.

తర్వాత చూపించండి. ఎర్తింగ్ క్లాంప్ సంగతి ఉదాహరణగా చెబుతాను. చాలా ప్లాంట్లలో ఎర్తింగ్ రిలే బాక్సు మీద ఎరుపు, ఆకుపచ్చ లైట్లు ఉంటాయి. ఖాళీ డ్రమ్ము తెప్పించి సాల్వెంట్ లేని చోట పెట్టండి. క్లాంప్‌ను డ్రమ్ము అంచున పెయింట్ మందంగా ఉన్న దగ్గర తగిలించండి. లైటు ఎర్రగానే ఉంటుంది. అందరినీ చూడనివ్వండి. ఇప్పుడు క్లాంప్ పళ్ళు పెయింట్‌ను చీల్చుకుని ఇనుముకు తగిలేలా గట్టిగా బిగించండి. ఆకుపచ్చ వెలుగుతుంది. "క్లాంప్ పెట్టాం కదా" అనేవాళ్ళకు, పెట్టడానికీ పట్టడానికీ తేడా ఏమిటో ఆ లైటే చెబుతుంది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురి చేత చేయించండి. మీ దగ్గర లైట్ల బాక్సు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను మీటర్‌తో రమ్మనండి.

గ్యాస్ మీటర్ అయితే అలారం ఒకసారి మోగించి వినిపించండి. ప్లాంటులో ఏళ్ళ తరబడి పనిచేసి కూడా ఆ చప్పుడు ఎప్పుడూ విననివాళ్ళు ఉంటారు. పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి చూడాలని చెప్పేటప్పుడు, ట్యూబు ఎంత లోతుకు దించాలో ఆ ట్యూబుతోనే చూపించండి. భోజనానికి వెళ్ళొచ్చాక మళ్ళీ టెస్ట్ చేయాలన్నది విడిగా చెప్పండి. పొద్దున చూసిన రీడింగ్ మధ్యాహ్నానికి చెల్లదు.

*రియాక్టర్‌లోకి దిగే పనైతే తప్పక చెప్పాల్సిన హెచ్చరికలు:*

- కార్ట్రిడ్జ్ మాస్క్ ఆవిరిని వడకడుతుంది, ఆక్సిజన్ ఇవ్వదు. నైట్రోజన్ ఉన్న చోట అది పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే. దుమ్ము మాస్క్ అయితే సాల్వెంట్ ఆవిరికి కూడా పనికిరాదు.
- వాల్వ్ మూస్తే చాలదు. నైట్రోజన్ లైను విప్పి వేరు చేయాలి, లేదా బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే ఇనుప బిళ్ళ) పెట్టాలి. బ్లైండ్ ఎక్కడ పెట్టారో దిగేవాడికి కళ్ళారా చూపించాలి.
- రియాక్టర్‌లో మెటీరియల్ కలిపే ఎజిటేటర్ మోటారును ఎవరూ ఆన్ చేయకుండా దిగేవాడి తాళం పడాలి, తాళంచెవి అతని జేబులో ఉండాలి. ఇద్దరు దిగితే రెండు తాళాలు.
- గాలి కోసం లోపలికి ఆక్సిజన్ సిలిండర్ వదలకూడదు. బట్టలు సైతం భగ్గుమంటాయి. బ్లోయర్‌తో మంచి గాలే ఇవ్వాలి.
- ఎయిర్‌లైన్ మాస్క్ (బయటినుంచి గొట్టంతో గాలి వచ్చేది) వాడుతుంటే గొట్టం ఏ పాయింటుకు తగిలించారో చివరిదాకా చేత్తో పట్టుకుని వెళ్ళి చూడాలి. ఎయిర్, నైట్రోజన్ పాయింట్లు పక్కపక్కనే, ఒకేలా ఉండే ప్లాంట్లున్నాయి. మీదీ అలాంటిదైతే టాక్ ఆపి, ముందు ఆ కప్లింగులు మార్పించండి.
- లోపలికి 24 వోల్టుల లోపు లైటే. మండే ఆవిరి ఉండే అవకాశం ఉంటే ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటి ఆవిరికి అంటనివ్వని) లైటే.

ఈ జాబితా అంతా ఒకే ఊపులో చదివేయకండి. ఆ రోజు పనికి తగినవి తీసుకుని, ఒక్కోదాన్ని ఆ వస్తువు పట్టుకుని చెప్పండి.

6. తిరిగి చెప్పించండి

పది నిమిషాల్లో కనీసం నాలుగు దీనికే పోవాలి. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు ఒక్కటే, అవును. దాన్ని అడగడం మానేయండి. ఇలా అడగండి:

"కొత్త హెల్పర్ ఇప్పుడే వచ్చాడనుకో. అతనికి నువ్వు ఎలా చెబుతావు?"

"లోపల మీ తమ్ముడే పడిపోయాడనుకోండి. మీరు మొదట ఏం చేస్తారు?"

రెండో ప్రశ్నకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. సంభాషణ ఇలా నడుస్తుంది.

"దిగి ఎత్తుకొస్తా సార్."

"మీటర్ ఎంత చూపిస్తోంది?"

"తెలీదు... చూడలేదు."

"అతన్ని పడేసింది మిమ్మల్ని వదిలేస్తుందా?"

"వదలదు."

"మరి?"

"అలారం కొడతా. తాడు లాగుతా."

"తాడు ఎక్కడుంది? చూపించండి."

ఇక్కడ ఆగకండి. ట్రైపాడ్ (మ్యాన్‌హోల్ మీద నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు) దగ్గరికి తీసుకెళ్ళి, తాడు చుట్టే వించ్ తిప్పించండి. పడిపోయినవాణ్ణి కాపాడబోయి వెంట దిగినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోవడం మన సంపుల్లో, ట్యాంకుల్లో మళ్ళీ మళ్ళీ జరుగుతున్నదే. దిగొద్దని చెప్పడమంటే తోటివాణ్ణి వదిలేయమని చెప్పినట్టు వినపడుతుంది. అందుకే "దిగకుండా ఎలా కాపాడాలి" అని చెప్పండి, చేయించండి. ఆ చేతిపని తెలిసినవాడు మ్యాన్‌హోల్‌లోకి దూకడు.

ఎప్పుడూ చురుకైనవాణ్ణే అడగొద్దు. వెనక నిలబడ్డవాణ్ణి, కొత్తగా వచ్చినవాణ్ణి, తెలుగు అంతంతమాత్రంగా వచ్చినవాణ్ణి అడగండి. తప్పు చెబితే నవ్వనివ్వకండి. "ఇది నేనే సరిగా చెప్పలేదు" అని మళ్ళీ చెప్పండి. పెద్దవయసు ఆపరేటర్ని పిల్లల ముందు నిలదీస్తే మరుసటి రోజు నుంచి ఆయన నోరు మెదపరు. ఆయన చేత చూపించమని అడగండి, ఆయనే మీకు సగం పని చేసిపెడతారు.

7. పని ఆపొచ్చని అందరి ముందూ చెప్పండి

"ఏదైనా తేడాగా అనిపిస్తే పని ఆపి నాకు ఫోన్ చేయండి. ఎవరూ ఏమీ అనరు, కూలీ తెగదు." ఈ మాట కాంట్రాక్టర్ పక్కనుండగా చెప్పాలి. అతను తలూపడం కార్మికులు చూడాలి. ఎవరికి ఫోన్ చేయాలో పేరు, ఇంటర్‌కామ్ నంబరు ఆ పని చోటే రాసి ఉండాలి.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల గురించి కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు తెలియజేయాలని 41బి సెక్షన్ చెప్పింది. ముంచుకొచ్చే ప్రమాదం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు కార్మికుడికి ఉందని 41హెచ్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. భద్రత సమాచారం అడిగే హక్కు అందులోనూ ఉంది. అంటే మీరు చేస్తున్నది దయ కాదు.

ఎవరైనా నిజంగా ఆపితే, అది తప్పుడు అనుమానమే అయినా, మర్నాటి టాక్‌లో అతనికి అందరి ముందూ థాంక్స్ చెప్పండి. ఒక్కసారి విసుక్కున్నారా, ఇక ఎవరూ ఆపరు.

8. సైరన్ మోగితే ఏం చేయాలో మొదటి రోజే

ఇది టాక్ కోసం ఆగే విషయం కాదు. కొత్త మనిషి గేటు లోపలికి అడుగుపెట్టిన రోజే మూడు చూపించాలి. సైరన్ ఎలా మోగుతుంది, విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) ఎక్కడుంది, అసెంబ్లీ పాయింట్‌కు (అందరూ చేరాల్సిన చోటుకు) ఏ దారి. కాంట్రాక్ట్ కార్మికులకే కాదు, క్యాంటీన్ వాళ్ళకు, సెక్యూరిటీ వాళ్ళకు, ఏసీ రిపేరుకు ఒక్క పూట వచ్చినవాడికి కూడా.

గ్యాస్ లీకైతే గాలి వాలుకు పరిగెత్తకూడదు. గ్యాసూ అటే వస్తుంది. విండ్‌సాక్ చూసి, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, ఆ తర్వాత గాలి వచ్చే వైపుకు పోవాలి. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. విండ్‌సాక్ కింద నిలబెట్టి "ఇప్పుడు ఆ ట్యాంకు లీకైంది, మీరెటు వెళ్తారు?" అని చేతితో చూపించమనండి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. నిద్రలేచిన జనం ఎటు పోవాలో తెలియక తోచిన దిక్కుకు పరుగెత్తారు. మీ ప్లాంటులో సైరన్ బటన్ ఎక్కడుందో, రాత్రి షిఫ్టులో దాన్ని నొక్కే అధికారం ఎవరికుందో ఈ రోజే నలుగురిని అడిగి చూడండి. "మేనేజర్ సార్‌ని అడగాలి" అన్న జవాబు వస్తే, ఆ సంగతి ముందు పైవాళ్ళతో తేల్చుకోండి.

9. సంతకం చివర్లో, ఒక లైను అదనంగా

రిజిస్టర్‌లో సంతకాలు టాక్ అయ్యాకే. దాని కింద రెండు విషయాలు రాయండి: ఎవరు ఏం అడిగారు, ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు. రేపటి టాక్‌కు అదే ముడిసరుకు. వచ్చే షిఫ్ట్ ఇన్‌చార్జికి డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ లైను చదివి వినిపించండి. పని సగంలో ఉండగా షిఫ్టు మారితే కొత్తవాళ్ళకు టాక్ మళ్ళీ మొదటినుంచి. తాళాలు కూడా పాతవాళ్ళవి తీసి కొత్తవాళ్ళవి వేయాలి.

ఎక్కడ దెబ్బతింటారు

*ఘోరమైన ఫోటోలు చూపించడం.* వాట్సాప్‌లో వచ్చే కాలిన శరీరాల ఫోటోలు చూపిస్తే భయపడి మారతారనుకుంటారు. రెండు రోజులు భయపడతారు. మూడో రోజుకు "ఆ మనిషి అజాగ్రత్త, నేనలా కాదు" అనుకుంటారు. భయపెట్టి, ఏం చేయాలో చెప్పకపోతే మిగిలేది టెన్షన్ ఒక్కటే.

*"మీ నిర్లక్ష్యం వల్లే" అనడం.* ప్రమాదం జరిగిన మర్నాడు ఈ మాట అన్నారంటే, ఇకపై చిన్న చిన్న సంఘటనలన్నీ మీకు తెలియకుండా దాచేస్తారు.

*రెండు నాలుకలు.* 8 గంటలకు "తొందరపడొద్దు" అని, 11 గంటలకు "ఇంకా ఎంతసేపు, బ్యాచ్ ఆగిపోయింది" అంటే కార్మికుడు రెండోదే వింటాడు. అది సహజం. జీతం దానితోనే ముడిపడి ఉంది మరి. పని ఎంతసేపు పడుతుందో జాగ్రత్తలతో కలిపి లెక్కేసి ప్రొడక్షన్ వాళ్ళతో ముందే మాట్లాడుకోవడం మీ పని.

*మీరే గాగుల్స్ లేకుండా తిరగడం.* దీనికి వివరణ అక్కర్లేదు.

*అన్నీ ఒకే రోజు చెప్పడం.* భద్రతా వారోత్సవాలప్పుడు, మార్చిలో, గంటన్నర స్లైడ్లు, అవీ ఇంగ్లీషులో. చివర స్వీటు ప్యాకెట్. స్వీటు మాత్రం గుర్తుంటుంది.

టైము లేకపోతే

బ్రేక్‌డౌన్ వచ్చింది, పది నిమిషాలు దొరకలేదు. అలాంటప్పుడు పని చోటే మూడు నిమిషాలు నిలబడి మూడు ప్రశ్నలు అడగండి. "ఇక్కడ మనల్ని చంపగలిగేది ఏది? దాన్ని ఆపడానికి ఏం పెట్టాం? అది పనిచేస్తోందని ఎవరు చూశారు?" మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే పని మొదలుపెట్టకండి. బ్రేక్‌డౌన్ పనుల్లోనే టాక్ ఎక్కువగా ఎగిరిపోతుంది. కొత్త మనుషులు, తెలియని చోటు, తొందర మూడూ ఒక్కసారే ఉండేదీ అప్పుడే.

పనిచేసిందో లేదో ఎలా చూడాలి

అరగంట తర్వాత చెప్పకుండా వెళ్ళి చూడండి. తప్పు పట్టడానికన్నట్టు వెళ్ళకండి. క్లాంప్ ఉందా, లైటు పచ్చగా ఉందా, మ్యాన్‌హోల్ దగ్గర కాపలా మనిషి ఉన్నాడా లేక టీకి వెళ్ళాడా? చూసింది రాసుకోండి.

మూడు రోజుల తర్వాత, ఆ టాక్‌లో ఉన్న ఒకరిని క్యాంటీన్ దారిలో అడగండి: "ఆ రోజు మీటర్ ఎంతుంటే దిగొద్దన్నాం?" సంఖ్య గుర్తుంటే సరే. సంఖ్య లేకపోయినా "మీటర్ చూడకుండా దిగొద్దు" అన్నా పర్వాలేదు. "ఏదో సేఫ్టీ గురించి చెప్పారు సార్" అంటే టాక్ మళ్ళీ ఇవ్వాలి, వేరేలా ఇవ్వాలి.

ఆ రోజు సెలవులో ఉన్నవాణ్ణి కూడా అడగండి. అతనికి తోటివాళ్ళు చెప్పి ఉంటే మీ మాట నిజంగా నడుస్తోందన్నమాట.

నియర్ మిస్‌లు (ప్రమాదం తృటిలో తప్పిన సంఘటనలు) ఎక్కువ రాస్తుంటే కంగారుపడకండి. ప్రమాదాలు పెరిగాయని కాదు, మీకు చెబుతున్నారని. పైవాళ్ళు ఆ సంఖ్య చూసి కోప్పడితే ఈ ముక్క వాళ్ళకు ముందే వివరించి ఉంచండి. అసలు ఒక్కటీ రాని నెలను అనుమానించండి.

నెలకోసారైనా రాత్రి షిఫ్టులో, రెండు మూడు గంటల మధ్య వెళ్ళండి. పగలు బాగా నడిచే పద్ధతులు అప్పుడే సడలుతాయి.

ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయిన మనిషిని ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. ఆ రోజుకు ఆ పనిలో పెట్టకండి. వేరే పని ఇవ్వండి, కూలీ మాత్రం తగ్గించకండి. తగ్గిస్తే రేపటి నుంచి తెలియకపోయినా తెలుసనే చెబుతాడు. మర్నాడు ఆ పని బాగా తెలిసినవాడి పక్కన నిలబెట్టి, రెండుసార్లు చూడనిచ్చి, మూడోసారి అతని చేత చేయించండి. అప్పుడు పర్మిట్‌లో పేరు రాయండి.